సెక్షన్‌ను బట్టి సర్కారు వకీలు: తిరువళ్ళూరు జిల్లాలో ప్రాసిక్యూషన్ విభాగాల తీరు

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి విడిపడి నాటి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. పటాస్కర్ నివేదికను అనుసరించి 1959లో పార్లమెంటు చేసిన సరిహద్దుల మార్పు చట్టం అందుకు ఆధారం. 1997 జనవరి 1న తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో భాగమైంది. పళ్ళిపట్టు, పొదటూరుపేట, ఆర్.కె.పేట పరిసరాలలో నేటికీ అనేక ఇండ్లలో మాట తెలుగు, కాగితం తమిళం. రేషను కార్డు, పట్టా, కరెంటు బిల్లు వంటి వ్యవహారాలను జనం ఎలాగో నెట్టుకువస్తారు. ఇంటి మనిషిపై నేరం జరిగి వ్యవహారం కోర్టు మెట్లెక్కినప్పుడే అసలు చిక్కు. సమను చేతికి అందుతుంది గాని, తమ పక్షాన నిలబడే ప్రభుత్వ న్యాయవాది ఎవరో తెలియదు. తిరుత్తణి కోర్టులో అడిగితే, ఇది ఇక్కడి కేసు కాదు, తిరువళ్ళూరుకు పొమ్మంటారు.

ఈ తిప్పటకు కారణం ఉన్నది. జిల్లా మొత్తానికి ప్రభుత్వ న్యాయవాది అనే ఒకే వ్యక్తి ఎక్కడా లేడు. నేరపు స్వభావాన్ని బట్టి, అది విచారణకు వచ్చే న్యాయస్థానాన్ని బట్టి ఒక్కొక్క తరహా కేసుకు ఒక్కొక్క ప్రాసిక్యూటరు ఉంటారు. మన కేసు ఎవరి చేతికి పోతుందన్నది కోర్టులో తేలే విషయం కాదు. ఠాణాలో ఫిర్యాదు వ్రాయించిన నాడే, ఎఫ్.ఐ.ఆర్.లో పడిన సెక్షన్లతోనే అది చాలావరకు తేలిపోతుంది. ఫిర్యాదులో ఒక్క వాక్యం తప్పిపోతే కేసు వేరే న్యాయస్థానానికి, వేరే వకీలుకు పోవచ్చును. సరిహద్దు కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

మూడు అంచెలు

2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రాసిక్యూటర్లను మూడు తరగతులుగా చూపుతుంది. పాత నేర విచారణ స్మృతిలోనూ ఈ ఏర్పాటే ఉండేది. మేజిస్ట్రేటు కోర్టులలో వాదించేవారు సహాయ ప్రాసిక్యూటర్లు, జనం నోట ఏ.పి.పి.లు. తమిళనాడులో వీరిని పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్ష ద్వారా ఎంపిక చేస్తారు, వీరు ప్రభుత్వోద్యోగులు. సెషన్స్ కోర్టులో వాదించేవారు పబ్లిక్ ప్రాసిక్యూటరు, అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటర్లు. కనీసం 7 సంవత్సరాల అనుభవం గల న్యాయవాదుల నుండి, కలెక్టరు సెషన్స్ జడ్జిని సంప్రదించి తయారుచేసిన జాబితాను బట్టి ప్రభుత్వం వీరిని నియమిస్తుంది. ప్రభుత్వం మారినప్పుడు ఈ పేర్లు మారటం తమిళనాట కొత్త కాదు. మూడవ తరగతి ప్రత్యేక ప్రాసిక్యూటర్లు. ఒక కేసుకో, ఒక తరహా కేసులకో 10 సంవత్సరాల అనుభవం గలవారిని ఇలా నియమించవచ్చు. ప్రత్యేక చట్టాలు కొన్ని తమ సొంత ప్రత్యేక ప్రాసిక్యూటరును తామే నిర్దేశిస్తాయి.

వీరి పైన డైరెక్టరేటు ఆఫ్ ప్రాసిక్యూషన్ అనే శాఖ ఉన్నది. కొత్త సంహిత ప్రకారం 10 సంవత్సరాలు లేక అంతకు మించిన శిక్ష గల కేసులను డైరెక్టరు, 7 నుండి 10 లోపు శిక్ష గలవాటిని డిప్యూటీ డైరెక్టరు, 7 లోపువాటిని అసిస్టెంటు డైరెక్టరు పర్యవేక్షించాలి. కేసు ఏళ్ళ తరబడి వాయిదాలలో నానుతున్నప్పుడు విజ్ఞప్తి ఎవరికి చేసుకోవాలో ఈ లెక్క చెబుతుంది.

ఈ వకీళ్ళెవరూ దర్యాప్తు చేయరు. సాక్ష్యం కూడగట్టేది పోలీసులే. 2000 సంవత్సరంలో తమిళనాడు నుండి వెళ్ళిన ఒక కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఈ గీతను స్పష్టంగా గీసింది: ప్రాసిక్యూటరు అభిప్రాయం తీసుకొని అభియోగపత్రం వేయమని దర్యాప్తు అధికారిని న్యాయస్థానం ఆదేశించజాలదని తీర్పు చెప్పింది. అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు ఇందుకు భిన్నమైన పద్ధతిని గురించి వినే ఉంటాయి. ఎడిసన్ పట్టణం ఉన్న న్యూజెర్సీ రాష్ట్రంలో 21 కౌంటీలు. ఒక్కొక్క కౌంటీకి గవర్నరు, సెనేటు ఆమోదంతో 5 సంవత్సరాలకు ఒక ప్రాసిక్యూటరును నియమిస్తారు. ఆ ఒక్క కార్యాలయంలోనే హత్యలకు, లైంగిక నేరాలకు, గృహహింసకు విడివిడి విభాగాలు, వాటికి సొంత డిటెక్టివులు. బాధితుడు ఒక్క తలుపు తడితే లోపల వారే తగిన గదికి పంపుతారు. తిరువళ్ళూరులో ఆ గదులు వేర్వేరు కోర్టులలో ఉన్నాయి. తలుపు వెతుక్కోవలసినది బాధితుడే.

ఒకే ఇంటి గొడవ, ఇద్దరు వకీళ్ళు

పొదటూరుపేట పిల్లను నగరికి ఇచ్చారనుకుందాం. అత్తింట కట్నం కోసం వేధింపులు సాగి, పిల్ల పుట్టింటికి తిరిగివస్తుంది. నేరం జరిగినది ఆంధ్రలో కనుక నగరికే పోవాలని లోగడ పంపివేసేవారు. 2019 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానం ఆ చిక్కు తీర్చింది. భర్త ఇంటి నుండి వెళ్ళగొట్టబడి స్త్రీ ఎక్కడ ఆశ్రయం పొందితే అక్కడ కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చునని చెప్పింది. ఏ ఠాణా పరిధిలో జరిగిన నేరమైనా ఏ ఠాణాలోనైనా నమోదు చేయాలని కొత్త సంహితలోని 173వ సెక్షను కూడా చెబుతున్నది. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఈ వేధింపు కేసు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను కిందికి వస్తుంది. గరిష్ఠ శిక్ష 3 సంవత్సరాలు. మేజిస్ట్రేటు కోర్టు, ఏ.పి.పి.

అదే పిల్ల వివాహమైన 7 సంవత్సరాలలోపు అనుమానాస్పదంగా మరణిస్తే కథ మారుతుంది. ఆర్.డి.ఓ. విచారణ జరుగుతుంది. కట్నపు మరణం సెక్షను పడితే శిక్ష 7 సంవత్సరాల నుండి యావజ్జీవం వరకు. విచారణ సెషన్స్ స్థాయిలో. తమిళనాడులో ఇటువంటి కేసులను మహిళా కోర్టులు చూస్తాయి. అక్కడ ఏ.పి.పి. వాదించరు, పబ్లిక్ ప్రాసిక్యూటరు తరగతి వారే వాదిస్తారు. ఆర్.డి.ఓ. ఎదుట తల్లిదండ్రులు మొదట ఏమి చెప్పారన్నది ఆ తరువాత ప్రతి అంచెలోనూ ఎదురవుతుంది. దుఃఖంలో ఉన్నవారు, అందునా తెలుగులో చెప్పి తమిళంలో వ్రాయించుకొనేవారు, ఆ కాగితంపై సంతకం చేసే ముందు చదివి అర్థం చెప్పమని నిలదీయటం అవసరం.

పిల్లల కేసులు

18 ఏండ్ల లోపు పిల్లలపై లైంగిక నేరాలకు 2012 నవంబరు 14 నుండి పోక్సో చట్టం అమలులో ఉన్నది. దీనికి ప్రత్యేక న్యాయస్థానం, 32వ సెక్షను ప్రకారం ప్రత్యేక ప్రాసిక్యూటరు. 100కు మించి పోక్సో కేసులున్న జిల్లాలలో ఈ కేసులకే ప్రత్యేకించిన కోర్టులు పెట్టాలని 2019 జులైలో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. తిరుత్తణి, పళ్ళిపట్టు వారికి ఈ కేసులు తిరువళ్ళూరు ప్రయాణమే.

ఈ విభాగం పనితీరు తక్కినవాటిని పోలదు. పిల్ల వాంగ్మూలాన్ని ఇంటి వద్ద గాని, పిల్ల కోరిన చోట గాని, సాధ్యమైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా తీసుకోవాలి. రాత్రిపూట పిల్లను ఠాణాలో ఉంచరాదు. కోర్టులో ప్రాసిక్యూటరు గాని, ముద్దాయి వకీలు గాని పిల్లను నేరుగా ప్రశ్నించరాదు. ప్రశ్నలను జడ్జికి ఇస్తే జడ్జి పిల్లను అడుగుతారు. సాక్ష్యం చెప్పే సమయంలో పిల్లకు ముద్దాయి కనబడకుండా ఏర్పాటు చేయాలి. తలుపులు మూసి విచారణ జరుగుతుంది. కేసు స్వీకరించిన 30 రోజులలోపు పిల్ల సాక్ష్యం, సాధ్యమైనంతవరకు ఒక సంవత్సరంలోపు విచారణ పూర్తి కావాలని చట్టం కోరుతుంది. ఆచరణలో ఆలస్యాలు ఉన్నమాట నిజమే. పోలీసులు 24 గంటలలోపు బాలల సంక్షేమ కమిటీకి తెలుపాలి. 2020 నియమాల ప్రకారం ఆ కమిటీ పిల్లకు తోడుగా ఒక సహాయక వ్యక్తిని ఇవ్వగలదు.

భాష విషయంలో ఈ చట్టం చాలా స్పష్టం. పిల్లకు తెలియని భాషలో ఫిర్యాదు వ్రాస్తున్నప్పుడు అనువాదకుడిని ఏర్పరచాలని 19వ సెక్షను, వాంగ్మూలం సమయంలో 26వ సెక్షను, కోర్టులో సాక్ష్యం సమయంలో 38వ సెక్షను చెబుతాయి. తెలుగే తెలిసిన పిల్లకు తెలుగు అనువాదకుడు దయగా ఇచ్చేది కాదు, హక్కుగా రావలసినది.

అన్నిటికన్నా ముందు తేలవలసినది వయస్సు. పిల్ల 18 లోపని రుజువు కాకపోతే పోక్సో అభియోగమే నిలువదు. బాల న్యాయ చట్టం 94వ సెక్షను పాఠశాల ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రాన్ని లేక మెట్రిక్యులేషన్ పత్రాన్ని మొదట, పంచాయతీ లేక మునిసిపాలిటీ జనన ధ్రువపత్రాన్ని తరువాత, ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్షను అంగీకరిస్తుంది. 2023 జులైలో తమిళనాడుకు చెందిన ఒక కేసులో సర్వోన్నత న్యాయస్థానం, బడి మారేటప్పుడు ఇచ్చే టి.సి. ఈ పత్రాలలోనిది కాదని చెప్పి పోక్సో శిక్షను రద్దు చేసింది. పుత్తూరులోనో సత్యవేడులోనో అమ్మమ్మ ఇంట పుట్టి, తిరుత్తణిలో చదివే పిల్లలు ఈ ప్రాంతంలో చాలామంది. చేతిలో టి.సి. ఒక్కటే ఉన్న కుటుంబం, పుట్టిన ఊరి పంచాయతీ నుండి జనన ధ్రువపత్రాన్ని తెప్పించి దర్యాప్తు అధికారికి అందజేయటం ఆలస్యం చేయదగని పని.

కులం పేరు వ్రాయని ఫిర్యాదు

షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది; 2015 సవరణలు 2016 జనవరి 26న అమలులోకి వచ్చాయి. ఈ కేసులకు ప్రత్యేక న్యాయస్థానం ఉంటుంది. విడి కోర్టు లేని చోట సెషన్స్ కోర్టునే అందుకు గుర్తిస్తారు. దర్యాప్తు డి.ఎస్.పి. స్థాయి అధికారిది. 15ఎ సెక్షను ప్రకారం బెయిలు సహా ప్రతి విచారణను గురించి బాధితునికి ముందుగా తెలుపాలి. నియుక్త ప్రాసిక్యూటరుపై నమ్మకం లేకపోతే పేరుపొందిన సీనియరు న్యాయవాదిని నియమించమని కలెక్టరును కోరే వీలు కూడా నియమాలలో ఉన్నది. కలెక్టరు ద్వారా వచ్చే పరిహారం దశలవారీగా అందుతుంది. తొలి భాగానికి తీర్పుదాకా ఆగనక్కరలేదు.

ఇదంతా ఎఫ్.ఐ.ఆర్.లో ఈ చట్టం చేరితేనే. ఫిర్యాదులో బాధితుని కులం, నిందితుని కులం, దూషించిన మాటలు లేకపోతే అది సాధారణ కొట్లాట కేసుగా మేజిస్ట్రేటు కోర్టుకు, ఏ.పి.పి. బల్లపైకి చేరుతుంది. అక్కడికి చేరిన తరువాత సెక్షను చేర్పించటం సాధ్యమే గాని సులభం కాదు. సరిహద్దు వల్ల మరో మెలిక ఉన్నది. కులాల జాబితా రాష్ట్రానికొకటి. మాల, మాదిగ, ఆది ఆంధ్ర కులాలు తమిళనాడు షెడ్యూల్డు కులాల జాబితాలోనూ ఉన్నాయి. ఆంధ్రలో షెడ్యూల్డు తెగ అయిన యానాదుల పేరు తమిళనాడు తెగల జాబితాలో లేదు. అక్కడ ఉన్నది ఇరుళర్. కనుక కుల ధ్రువపత్రం ఏ తహసీల్దారు ఇచ్చినది, ఏ పేరుతో ఉన్నదన్నది ప్రాసిక్యూటరుకు మొదటనే చూపాలి.

ఈ జిల్లాలో ఇరుళర్లు ఇటుక బట్టీలలో, బియ్యపు మిల్లులలో, కట్టె కొట్టే పనులలో బయానా అప్పు కింద చిక్కుకొన్న ఉదంతాలు పలుమార్లు బయటపడ్డాయి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద విచారణ జరిపి విడుదల పత్రం ఇచ్చేది ఆర్.డి.ఓ. ఆ పత్రం చేతికి రాకుండా కూలీలను బండ్లెక్కించి సొంత ఊళ్ళకు పంపివేస్తే, తరువాత ప్రాసిక్యూటరు చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. బాధితులు ఆంధ్ర గ్రామాలవారైతే సమనులు వారిని చేరటమే గగనం.

జిల్లా దాటిపోయే కేసులు

కొన్ని కేసులు జిల్లా ప్రాసిక్యూటరు చేతికే రావు. కంపెనీల పేరిట డిపాజిట్లు వసూలు చేసి ఎగవేసిన కేసులకు తమిళనాడులో 1997 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం, చెన్నైలో ప్రత్యేక న్యాయస్థానం ఉన్నాయి. ఆంధ్రలో ఇదే పనికి 1999 చట్టం ఉన్నది. ఒకే కంపెనీకి నగరిలో అన్న, తిరుత్తణిలో తమ్ముడు డబ్బు కట్టి ఉంటే, ఇద్దరి ఫిర్యాదులు రెండు దారులు పట్టవచ్చు. గంజాయి కేసులలో 20 కిలోలు దాటితే శిక్ష 10 నుండి 20 సంవత్సరాలు. ప్రాసిక్యూటరు వాదన వినకుండా బెయిలు ఇవ్వరాదు. కూలి డబ్బుకు సంచి చేరవేసినవాడికీ బరువును బట్టే లెక్క. ఎర్రచందనం కేసులైతే తిరుపతిలోని ప్రత్యేక న్యాయస్థానాలకు పోతాయి.

ఉగ్రవాద కేసులు మరీ వేరు. వాటి న్యాయస్థానం ఈ జిల్లాలోని పూనమల్లిలోనే ఉన్నా, జిల్లా ప్రాసిక్యూటరుకు దానితో ప్రమేయం లేదు. రాజీవ్ గాంధీ హత్య కేసులో 1998 జనవరి 28న 26 మందికి మరణశిక్ష విధించినది పూనమల్లి ప్రత్యేక న్యాయస్థానమే. 1999 మేలో సర్వోన్నత న్యాయస్థానం వారిలో నలుగురికే ఆ శిక్షను ఖాయపరచింది. అందులో వాదించినవారు సి.బి.ఐ. పక్షపు ప్రత్యేక ప్రాసిక్యూటర్లు.

వకీలుతో ఎలా నడచుకోవాలి

ప్రభుత్వ న్యాయవాది బాధితుని పక్షాన నిలబడతాడు గాని బాధితుని వకీలు కాడు. ఆయన రాజ్యానికి ప్రతినిధి. న్యాయస్థానం ముందు నిజాన్ని ఉంచటం ఆయన విధి. ఆయనకు ఫీజు ఇవ్వనక్కరలేదు, ఇవ్వరాదు. బాధితుడు సొంత వకీలును పెట్టుకోవచ్చు. ఆ వకీలు ప్రాసిక్యూటరుకు తోడ్పడవచ్చు, కోర్టు అనుమతితో లిఖిత వాదన దాఖలు చేయవచ్చు. సాక్షులను ప్రశ్నించటం, మౌఖికంగా వాదించటం మాత్రం ప్రాసిక్యూటరు పనేనని 2019 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానం తేల్చింది. అయినా సొంత వకీలు వల్ల ఒక పెద్ద మేలున్నది: కొత్త సంహిత 230వ సెక్షను కింద అభియోగపత్రపు ప్రతి బాధితునికి అందేది వకీలు ఉన్నప్పుడే. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను 15100.

తమిళ కాగితాలలో కొన్ని మాటలు తెలిసి ఉంటే దారి సులువు. ముదల్ తగవల్ అరిక్కై అంటే ఎఫ్.ఐ.ఆర్. కుట్రప్పత్తిరిగై అంటే అభియోగపత్రం. వాక్కుమూలం వాంగ్మూలం, అళైప్పాణై సమను. ఎదిరి అని ఉంటే ముద్దాయి. పిరళ్ సాట్చి అంటే ముందు చెప్పినదానికి ఎదురు తిరిగిన సాక్షి.

ఈ చివరి మాట తెలుగు సాక్షులకు తరచు అకారణంగా అంటుకొంటుంది. పోలీసులు తీసుకొన్న వాంగ్మూలంపై సాక్షి సంతకం ఉండదు. అది తమిళంలో వ్రాయబడుతుంది. ఆమె "మరిది కొట్టాడు" అని ఉంటుంది. కాగితంలో "మచ్చినన్" అని పడుతుంది. ఆ మాట వాడుకను బట్టి భర్త తమ్ముడికీ వర్తించవచ్చు, భార్య సోదరుడికీ వర్తించవచ్చు. ఏడాది తరువాత కోర్టులో ముద్దాయి వకీలు ఆ తేడానే పట్టుకొంటాడు. మనిషి అబద్ధమాడలేదు, చుట్టరికం పేరు మారింది. ఫిర్యాదులోనే ప్రతి బంధువు పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాయిస్తే చుట్టరికపు పదంపై కేసు ఆధారపడదు.

కోర్టులో మాత్రం రక్షణ ఉన్నది. సాక్షి కోర్టు భాషలో కాక మరో భాషలో చెప్పినప్పుడు, వీలైతే ఆ భాషలోనే వ్రాసుకోవాలని, లేదా సరియైన అనువాదం చేయించి దానిని నమోదు చేయాలని సంహిత 312వ సెక్షను చెబుతుంది. వ్రాసినది సాక్షికి అర్థమయ్యే భాషలో చెప్పి వినిపించాలని 313వ సెక్షను. తప్పుంటే సాక్షి అక్కడే చెప్పవచ్చు. జడ్జి దిద్దవచ్చు, లేక ఆక్షేపణను నమోదు చేయవచ్చు. వచ్చీరాని తమిళంలో చెప్పి అభాసు పాలవటం కన్నా, తెలుగులో చెబుతానని బోనెక్కక ముందే ప్రాసిక్యూటరుకు తెలుపటం మంచిది. అనువాదకుని ఏర్పాటుకు ఆయనే కోర్టును కోరాలి, అందుకు కొంత వ్యవధి కావాలి.

బెదిరింపులు ఉంటే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం ఉన్నది. దాని కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఒక సంఘం ఉంటుంది. జిల్లా పోలీసు అధిపతి సభ్యుడు, జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి దాని సభ్య కార్యదర్శి. దరఖాస్తు ఆ కార్యదర్శి ద్వారానే పోవాలి. ప్రభుత్వం కేసును ఉపసంహరించుకోదలచినప్పుడు బాధితుని మాట వినకుండా కోర్టు అనుమతించరాదని కొత్త సంహిత 360వ సెక్షను అంటున్నది. ముద్దాయి విడుదలైతే అప్పీలుకు ప్రభుత్వంపైనే ఆధారపడనక్కరలేదు. 413వ సెక్షను కింద బాధితుడు తానే అప్పీలు చేసుకోవచ్చు. మేజిస్ట్రేటు తీర్పుపై సెషన్స్ కోర్టుకు, సెషన్స్ తీర్పుపై చెన్నై ఉన్నత న్యాయస్థానానికి.